ఫస్ట్ ఇష్యూ అన్నారు, 392వ పేజీలో ప్రకటన ఉంది: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. లండన్‌లోని ఒక పాత పుస్తకాల షాపు వెబ్‌సైట్‌లో 'డ్రాక్యులా, 1897, ఫస్ట్ ఎడిషన్, ఫస్ట్ ఇష్యూ' అని ఉంటే క్రెడిట్ కార్డుతో 6,800 పౌండ్లకు కొన్నాను. చేతికొచ్చి 20 రోజులైంది. తీరా చూస్తే 392వ పేజీలో డ్రాక్యులా రాసిన బ్రామ్ స్టోకర్‌దే మరో నవల ప్రకటన ఉంది. షాపువాళ్లు 'వాపసు లేదని బిల్లు మీదే రాశాం' అంటున్నారు.

జవాబు: ఆ రాత చెల్లదు. వ్యాపారి అమ్మిన వస్తువు అతను చెప్పిన వివరాలకు సరిపోవాలని బ్రిటన్ వినియోగదారుల చట్టం, 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 11వ సెక్షన్ అంటుంది. షరతు పెట్టి ఆ బాధ్యత తప్పించుకోవడాన్ని 31వ సెక్షన్ ఒప్పుకోదు.

మీ బలమంతా 'ఫస్ట్ ఇష్యూ' అన్న మాటే, అంటే ఫస్ట్ ఎడిషన్‌లోనూ మొదట వెలువడిన ప్రతి అని. కాన్‌స్టేబుల్ అనే ప్రచురణ సంస్థ వేసిన పసుపు గుడ్డ అట్ట ప్రతుల్లో మొదట వెలువడినవాటికి 392వ పేజీ ఖాళీ. 'ది షోల్డర్ ఆఫ్ షాస్టా' ప్రకటన ఉన్నవి తర్వాతివి. అవీ ఫస్ట్ ఎడిషన్ కిందికే వస్తాయి కాబట్టి, షాపు అంతవరకే రాసి ఊరుకుంటే మీ కేసులో పస ఉండేది కాదు. అట్ట మాసిందన్న ఫిర్యాదు ఉన్నా ఇందులో కలపకండి, ఫొటోలో కనబడిందే కదా అంటారు షాపువాళ్లు.

డెలివరీ మర్నాటి నుంచి 30 రోజుల్లోపు తిరస్కరించాలి. ఈరోజే ఈమెయిల్‌లో 'చెప్పిన వివరాలకు సరిపోలేదు, 2015 చట్టం కింద తిరస్కరిస్తున్నాను, పూర్తి సొమ్ము వాపసు ఇవ్వండి' అని సూటిగా రాయండి. 'ఏం చేద్దామంటారు?' అని అడగడం తిరస్కరణ కాదు. గడువు దాటితే ముందు మరమ్మతు, లేదా బదులు వస్తువు అంటుంది చట్టం. 1897 నాటి ప్రతికి బదులు ఎక్కడ దొరుకుతుంది? బేరం ధర తగ్గింపు దగ్గరికి జారి నెలలు సాగుతుంది.

ఆన్‌లైన్ కొనుగోలును కారణం చెప్పకుండా రద్దు చేసుకునే 14 రోజులు మీకు దాటిపోయాయి. అయితే ఆ హక్కు ఉందని షాపు మీకు రాతపూర్వకంగా చెప్పకపోతే అది గరిష్ఠంగా మరో 12 నెలలు పెరుగుతుంది. ఆర్డర్ ఈమెయిల్ వెతకండి.

అమ్మకపు పేజీని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపటికి మారిపోవచ్చు. పుస్తకానికి జిగురు పెట్టడం, పెన్సిల్ గీతలు చెరపడం, బైండింగ్ చేయించడం వద్దు. పాత, అరుదైన పుస్తకాల వ్యాపారుల సంఘం యాంటిక్వేరియన్ బుక్‌సెల్లర్స్ అసోసియేషన్‌లో సభ్యుడైన మరో వ్యాపారితో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి.

షాపు మొండికేస్తే 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ కింద కార్డు సంస్థను అడగండి. ధర 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే వాళ్లకూ సమాన బాధ్యత ఉంటుంది. పేపాల్ లాంటి మధ్యవర్తి ద్వారా కట్టి ఉంటే ఈ దారి మూసుకుపోవచ్చు. అప్పుడిక చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టే. ఇంగ్లండ్‌లో దాని పరిమితి 10,000 పౌండ్లు.

తిప్పి పంపే ఖర్చు షాపుదే. ఇంత విలువైనదాన్ని మామూలు పోస్టులో వేయకండి, పూర్తి విలువకు బీమా ఉన్న కొరియర్‌ను వాళ్లనే పంపమనండి.