పొగ కనిపించదు కదా అని ధీమాగా ఉండకండి

"మేం విశాఖలో ఎండాడలో ఉంటాం. ఫ్యాక్టరీలన్నీ గాజువాక వైపే కదా, మాకూ ఓజోన్ బెడద ఉంటుందా?" అని ఒకరు అడిగారు. ఓజోన్ అంటే ఇక్కడ ఆకాశంలో పైనుండే పొర కాదు, నేల దగ్గర మనం పీల్చే గాలిలో పుట్టే, కంటికి కనిపించని హానికర వాయువు. ఉంటుంది. నేనూ మీలాగే అనుకుని మోసపోయాను.

మాది ఫ్యాక్టరీల వైపున్న శ్రీహరిపురం. డాబా మీద వడియాలు పెడితే సాయంత్రానికి వాటి మీద నల్లగా మసి పట్టేది. పెద్దాడికి ఆయాసం తగ్గడం లేదని నాలుగేళ్ల కిందట ఫ్యాక్టరీలకు దూరంగా, మీ ఎండాడ వైపే ఉన్న మధురవాడకు మారిపోయాం. అక్కడ వడియాలు తెల్లగా ఎండాయి. మా ఆవిడ ప్రాణం కుదుటపడింది.

మొదటి మే నెలలోనే, ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి వీధి పిల్లల క్రికెట్ మ్యాచ్. ఆకాశం నీలంగా ఉంది, కంబాలకొండ చెట్లతో సహా కనిపిస్తోంది. మావాడు బౌలింగ్‌కి పరిగెత్తుతూ సగంలో ఆగి, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. "గట్టిగా గాలి పీలిస్తే లోపల మండుతోంది నాన్నా" అన్నాడు. ఇన్‌హేలర్ కొట్టించి డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్తే, ఆయాసం వచ్చిన ప్రతిసారీ టైము రాసిపెట్టమన్నారు. రెండు వారాలు రాశాం. పొద్దున్నపూట ఒక్కటీ లేదు. అన్నీ ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్యే.

ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. బాయిలర్లు, ఫర్నేసులు, ఓడలు, లారీలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లూ, ఆయిల్ ట్యాంకులు, పెయింట్లు, సాల్వెంట్ల నుంచి లేచే ఆవిర్లూ కలిసి ఎండకు ఉడికితే పుడుతుంది. అందుకు కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా వేసవి నైరుతి గాలి ఆ సరుకంతా ఊరి మీదుగా మనవైపు తోసేస్తుంది. గొట్టాల దగ్గరైతే అప్పుడే బయటికొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ని తినేస్తుంది. దూరం వచ్చేసరికి ఆ నైట్రిక్ ఆక్సైడ్ పల్చబడిపోతుంది, ఓజోన్ మిగిలిపోతుంది. మావాడి ఆయాసానికి కారణం ఇదేనని నాకు అనుమానమే లేదు.

2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కిన ఊరు మనది. ఇప్పటికీ మాట్లాడేదంతా దుమ్ము గురించే. బొగ్గు కుప్పల మీద పరదాలు కప్పారా, రోడ్ల మీద నీళ్లు చల్లారా అని అడుగుతారు. అడగాల్సిందే, శ్రీహరిపురంలో పెరిగినవాణ్ని, కాదనను. కానీ పరదా కింద గ్యాసు ఆగదు. ఓజోన్‌కి మన దేశంలో పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, గంటకైతే 180. నెల సగటు చూపించి అంతా బాగుందంటే, రాత్రిపూట తక్కువ అంకెల్లో మధ్యాహ్నం కలిసిపోతుంది. గంటగంటకీ అంకె చూపించమని అడగండి.

వేసవి క్యాంపుల వాళ్ల మీద నాకు ఇంకా కోపం. గ్రౌండు ఖాళీగా దొరుకుతుందని పిల్లల్ని రెండింటికి ఎండలో పరిగెత్తిస్తారు. మాస్కు పెట్టి పంపుతాం అంటారు కొందరు తల్లులు. మామూలు మాస్కు దుమ్మును ఆపుతుందేమో గానీ, ఓజోన్‌ని ఆపదమ్మా. ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా ఆ మూడు గంటలూ కిటికీలు మూసుకుని ఇంట్లో ఉంచడమే నయం. మావాడి ప్రాక్టీసు ఇప్పుడు పొద్దున్న ఆరింటికి మార్పించాం.