గేదెలు ఈసుకుపోవడం: ముందు మీ జ్వరం సంగతి చూసుకోండి

సందేహం: మాకు ఆరు ముర్రా గేదెలున్నాయి. రెండు నెలల్లో రెండు గేదెలు ఎనిమిదో నెల చూడిలో ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోయింది. మాయ పడకపోతే నేనే చేత్తో తీసి పెంటకుప్పపై వేశాను. వేడి చేసిందని, కాల్షియం తక్కువైందని మందుల దుకాణంలో సీసాలు ఇచ్చారు. నాకూ నెలగా సాయంత్రం జ్వరం, నడుము నొప్పి. టైఫాయిడ్ మందులు వాడినా తగ్గలేదు. ఐదు నెలల పెయ్యదూడ ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఇది వేడీ కాదు, కాల్షియం లోపమూ కాదు. చివరి నెలల్లో వరసగా ఈసుకుపోవడం, మాయ నిలిచిపోవడం చూస్తే నా అనుమానం ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్. ఇది పశువు నుంచి మనిషికీ అంటుతుంది, మీ జ్వరమూ అదే కావచ్చు. రేపే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, ఈసుకుపోయిన గేదె మాయను చేత్తో తీశానని డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే ఈ రోగానికి పరీక్ష రాయాలని ఆయనకు తట్టకపోవచ్చు. రోగమని తేలితే సాధారణంగా రెండు రకాల మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. అశ్రద్ధ చేస్తే కీళ్లు, వెన్నెముక దెబ్బతినవచ్చు. మగవారికి వృషణాలు వాయవచ్చు.

ఆరు గేదెలకూ పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి. ఈమధ్య ఈసుకుపోయిన వాటికి రోగం లేదని వచ్చినా నెల తర్వాత మళ్లీ చేయించాలి. రోగం ఉన్న గేదెకు నమ్మదగిన చికిత్స లేదు. దుకాణదారు చెప్పాడని సూదులు వేయించి డబ్బు పోగొట్టుకోకండి. చూడకుండానే రోగం పేరు చెప్పి సీసా అమ్మేవాడి మాటకు మీరు ఇప్పటికే రెండు నెలలు పోగొట్టుకున్నారు! రోగం ఉన్న గేదెను విడిగా కట్టేయండి. సంతకు మాత్రం తోలకండి, కొన్నవాడి కొట్టంలోనూ ఇదే జరుగుతుంది.

పెంటకుప్పపై వేసిన మాయను కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. ఇకపై మాయ, చచ్చిన దూడ, తడిసిన గడ్డి అన్నీ చేతి తొడుగులతో తీసి, నాలుగైదు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి. నేలను 10 లీటర్ల నీటికి 200 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి కడగండి. ఆ నీళ్లు ఒంటిపై పడనీయకండి. గర్భిణులను కొట్టంలోకి రానీయవద్దు. పాలు పొంగు వచ్చేదాకా కాచాకే తాగండి. పచ్చిపాలు పిల్లలకు అసలే వద్దు.

పెయ్యదూడకు ఇదే అదను. 4–8 నెలల వయసులో ఒక్కసారి వేసే బ్రూసెల్లా టీకాను పశుసంవర్ధక శాఖ ఉచితంగా వేస్తుంది. మగదూడలకు, చూడి పశువులకు వేయకూడదు. అది బతికున్న క్రిములతో చేసిన టీకా. సూది చేతికి గుచ్చుకుంటే మనిషికీ రోగం రావచ్చు కాబట్టి మీరు వేయకండి, సిబ్బందితోనే వేయించండి.