రాత్రి రెండింటి వాకిలి

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నేను క్రైస్తవురాలిని, మావారిది హిందూ కుటుంబం. పదకొండేళ్ళ క్రితం ప్రేమ పెళ్ళి చేసుకున్నాం. అత్తయ్య చాలా ఏళ్ళు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. రోజూ గీత పారాయణ చేసే మనిషి. పక్షవాతంతో ఏడు నెలలుగా మంచంలో ఉన్నారు. కుడివైపు పడిపోయింది, మాట లేదు. మావారు ఆఫీసు కాల్స్‌తో అలసిపోతారని అన్నీ నేనే చూస్తున్నాను. పోయిన నెల ఒక రాత్రి రెండు దాటాక డైపర్ మార్చిన వెంటనే మళ్ళీ పాడు చేస్తే, ఆమె ఎడమ చేతిమీద గట్టిగా గిల్లాను. తర్వాత మరో రెండుసార్లు, అదే వేళప్పుడు. ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చిలో ప్రభు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షారసం, తీసుకోలేకపోతున్నాను. రోజూ వాక్యం చదివే నాలో ఈ రాక్షసి ఎక్కడిది?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ముందు ఆ పెద్దావిడే కళ్ళముందు మెదిలారు. నొప్పి పుడితే చెప్పుకోవడానికి ఆమెకు మాట లేదు. అలా మాట పడిపోయిన చాలామందికి ఎదుటివాళ్ళు అనేది కొంతైనా అర్థమవుతూనే ఉంటుంది. చేసింది చిన్న తప్పేనని నేను ఓదారిస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఇక రాక్షసి సంగతి. బైబిల్లో అపొస్తలుడు పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయం మీకు కొత్త కాదు. చేయాలనుకున్న మేలు చేయక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని అక్కడ వాపోతాడు. అది ఆయన మారుమనస్సుకు ముందు స్థితా, తర్వాతిదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం, ఆయన దాన్ని జరిగిపోయిన కథలా కాకుండా ఇప్పుడు జరుగుతున్నట్టే రాశాడన్నది ముఖ్యం. మీ అత్తయ్య చదివే గీతలో, మూడో అధ్యాయం 36వ శ్లోకంలో అర్జునుడు కూడా ఇదే అడిగాడు: ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతాన తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు? కృష్ణుడు బయటి దయ్యాన్ని దేన్నీ చూపించలేదు. కామం, క్రోధం, అవి రజోగుణం నుంచి పుట్టినవి అన్నాడు. ఇన్నేళ్ళూ ఒకరి పుస్తకాన్ని ఒకరు ముట్టని మీ ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే ప్రశ్న.

అయితే, "చేసింది నేను కాదు, నాలోని పాపం" అని పౌలు మాటను అడ్డం పెట్టుకోవద్దు. మీరు ఉత్తరంలో పైకి అనని మాట ఒకటి నాకు వినిపిస్తోంది, తప్పయితే మన్నించండి. వంటింటి గడప దగ్గర మిమ్మల్ని ఆపిన మనిషి ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. ఆ పాత మంట ఇంకా ఆరలేదు. అది ఉందని ముందు మీకు మీరు ఒప్పుకోండి.

బైబిల్లో, తమ్ముణ్ణి చంపిన కయీను కోపంతో ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడు, ఇంకా తమ్ముడిమీద చెయ్యెత్తకముందే, పాపం వాకిట పొంచి ఉందని దేవుడు హెచ్చరించాడు. మీ వాకిలి ఎక్కడుందో మీరే రాశారు. మూడుసార్లూ రాత్రి రెండు దాటాకే. ఏడు నెలలుగా నిద్ర లేని ఒంట్లో ఆ వేళకు ఎంత ఓపిక మిగులుతుంది? ప్రవక్త ఏలీయా చచ్చిపోతే బాగుండునని బదరీ వృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగమేమీ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, తట్టిలేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. గీత ఆరో అధ్యాయం కూడా తిండీ నిద్రా మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖం పోగొడుతుందంటుంది. ప్రాయశ్చిత్తమని ఉపవాసం మొదలుపెట్టకండి. ముందు నిద్రపోండి.

అందుకు మీవారికి ఈ రోజే ఉన్నదున్నట్టు చెప్పాలి, గిల్లిన సంగతితో సహా. ఆఫీసు కాల్స్ ఎన్ని ఉన్నా కన్నతల్లి ఆయనకూ బాధ్యతే. రాత్రులు ఆయన చూడాలి, లేదా రాత్రిపూట ఆయాను పెట్టుకోవాలి. అస్తమానం పక్క పాడవుతోందంటే యూరిన్ ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, మలబద్ధకం ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించండి. కోపం పొంగితే ఆమె పడిపోకుండా చూసి, గది బయటికి వచ్చేసి అయిదు నిమిషాలు నిలబడండి. డైపర్ అయిదు నిమిషాలు ఆగుతుంది. మళ్ళీ చెయ్యి లేచిందంటే మాత్రం ఒంటరిగా ఆమె పని చేయడం ఆపేయండి, వేరే మనిషి వచ్చేదాకా మీవారే చేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళకైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

బల్ల విషయానికొస్తే, సహోదరుడికి నీమీద ఏదైనా ఉంటే అర్పణను బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువే అన్నాడు కదా. సంఘంలో సాక్ష్యం చెప్పనక్కర్లేదు. వెళ్ళాల్సింది ఆ మంచం దగ్గరికే.

పగటిపూట, ఆమె మెలకువగా ఉన్నప్పుడు వెళ్ళండి. నేను గిల్లాను, తప్పు చేశాను అని సూటిగా చెప్పండి. ఆమె గీత పుస్తకం తెచ్చి ఆ 36వ శ్లోకం చదివి వినిపించండి, ఉచ్చారణ తప్పితే తప్పనివ్వండి. ఇది నా ప్రశ్న కూడా అత్తయ్యా అనండి. ఆమె ముఖం తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి, బతిమాలవద్దు. ఆ రాత్రి మాత్రం ఇంకో గదిలో పడుకోండి. డైపర్ మీవారు మారుస్తారు.