డ్రాయింగ్ పీరియడ్‌ను వదులుకోవద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పదో తరగతి ఫలితాల కోసం డ్రాయింగ్ పీరియడ్లను లెక్కలకు ఇమ్మని తోటి ఉపాధ్యాయులు ఒత్తిడి చేస్తున్నారని రాశావు. ఇవ్వవద్దమ్మా. నేను ఒకసారి ఇచ్చాను. ఆ ఏడాది తొమ్మిదో తరగతిలో చదవడం సరిగా రాని పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఎడ్లబండి బొమ్మ వేస్తే చక్రంలో ఒక్క ఆకు కూడా లెక్క తప్పేది కాదు. బడిలో వాడికి మెప్పు దొరికేది నా తరగతిలోనే. పీరియడ్ పోయింది. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. ఇంట్లో ఇబ్బందులు ఉండే ఉంటాయి. అయినా వాడిని బడికి రప్పించే ఒక్క ఆకర్షణను నా చేతులతో నేనే తీసేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ముందు సైన్సు టీచరును నీ వైపు తెచ్చుకో. మీకు శ్రీకాళహస్తి దగ్గరే కదా, గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే అక్కడి కలంకారీతో మొదలుపెట్టు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, తాటిబెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనివ్వాలి. తెల్లని నూలు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. వెదురు పుల్ల మొన చెక్కి, పైన గుడ్డ చుట్టి దారం కడితే కలం అవుతుంది. పులిసిన ఆ నీటితో గీస్తే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి గీత పిల్లల కళ్ల ముందే నల్లబడుతుంది. ఇంతకన్నా మంచి రసాయన శాస్త్ర పాఠం నాకు తెలియదు.

ఒక కళాకారుణ్ణి కూడా పిలువు. ఊరికే రమ్మనకు. దారి ఖర్చులు, ఆ రోజు కూలి ఇచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టు. బోర్డు మీది బొమ్మను చూసి వేయించడం మాత్రం మాన్పించు. బొమ్మలకు మార్కులు వేయవద్దు. వార్షికోత్సవం నాటి నృత్యంతో కళల బాధ్యత తీరిందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. జాతీయ విద్యావిధానం 2020 కూడా కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు వద్దనే చెప్పింది. ఆ భాగం సమావేశంలో చదివి వినిపించు.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలకు నిన్ను చిన్నప్పుడు తీసుకువెళ్లాను, గుర్తుందా? ఆయన 1925లో ముప్పై నిండకుండానే కన్నుమూశారు. అంతలోనే అన్ని చిత్రాలు! ఆయన చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించింది అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే. ఇప్పుడు ఆ కుర్చీలాంటి కుర్చీలోనే నువ్వు కూర్చున్నావు. మధ్యాహ్నం ఒకసారి వెనుక బెంచీల దాకా నడిచి, నోటుపుస్తకాల చివరి పేజీలు తిప్పి చూడు. అక్కడ బొమ్మలుంటాయి. కోప్పడవద్దు. ఎవరు వేశారో అడిగి పేరు రాసుకో.

దసరా సెలవులకు ముందే వస్తాను. అప్పటికి కుండ పులియబెట్టి ఉంచు. కరక్కాయలు నేను తెస్తాను.

మీ మామయ్య