చూపించలేని 'బెంగ'ను పిల్లలు ఎలా నేర్చుకుంటారు?

కుర్చీని చూపించి 'ఇది కుర్చీ' అనొచ్చు. బెంగను అలా చూపించలేం. అది సందర్భాల్లోనే దొరుకుతుంది.

అమ్మమ్మ ఊరెళ్లిన రోజు మూడేళ్ల పాప అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని, మింగకుండా గుమ్మం వైపే చూస్తుంది. "అమ్మమ్మ మీద బెంగ పెట్టుకుంది" అంటారు ఇంట్లోవాళ్లు. ఇంకోసారి ఒళ్లు కాలిపోతుంటే "నాన్న కోసం బెంగపడి జ్వరం తెచ్చుకుంది" అంటారు. హాస్టల్లో ఉన్న అన్నయ్య ఫోన్లో ముక్తసరిగా మాట్లాడినా అదే మాట. ఒకచోట చూపు, ఒకచోట జ్వరం, ఒకచోట మౌనం. పైకి పోలికే లేదు. కావలసిన మనిషి దగ్గర లేకపోవడమే వీటిని కలిపే దారం, దాన్ని పాప చేతికి అందించేది ఆ మాట.

సైకాలజిస్టు లీసా ఫెల్డ్‌మన్ బారెట్ వాదన కూడా దాదాపు ఇదే: ఒక ఉద్వేగానికి ఒకే శారీరక గుర్తంటూ ఉండదు. మరో సైకాలజిస్టు పాల్ ఎక్‌మన్ మాత్రం భయం లాంటి కొన్ని ఉద్వేగాలు పుట్టుకతోనే వస్తాయన్నారు. భయం సంగతి ఏమో గానీ, బెంగ ఇంట్లో మాటల మధ్యే తయారవుతుందని నా నమ్మకం.

ఎవరూ చెప్పకుండానే ఒకరోజు పాప కట్టేసిన దూడను చూసి "దీనికి వాళ్లమ్మ మీద బెంగ" అంటుంది. అప్పుడు ఆ భావం తనదైనట్టే.