ఆఖరి రోజుల్లో ఉన్న పిల్లిని బాధ లేకుండా ఎలా చూసుకోవాలి?

మీ పిల్లికి కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయనీ, డాక్టర్ ఇంక రోజులే అన్నారనీ, తిండి మానేసిందనీ రాశారు. మా పిల్లి పండు కూడా ఇదే జబ్బుతో పోయిందండి. 14 ఏళ్లు మాతో ఉంది. కిడ్నీలు ఎంత పాడయ్యాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ అనే మలినం ఎంతుందో చూస్తారు, పిల్లికి అది 5 దాటితే చివరి దశ అంటారు. దానికి 9 వచ్చింది. ఆ రిపోర్టు వచ్చాక 11 రోజులు బతికింది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. తినడం లేదని టెన్షన్ పడి, దాన్ని టవల్లో చుట్టి, సిరంజితో నోట్లో బలవంతంగా తిండి పోశాను. మూడో రోజుకల్లా నా అడుగుల చప్పుడు వింటే చాలు, మంచం కిందకి దూరేది. అన్నేళ్లు నా కాళ్ల చుట్టూ తిరిగిన పిల్లి! ఎంత ఏడ్చానో చెప్పలేను. అప్పుడు డాక్టర్ గారు వివరంగా చెప్పారు. కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో మలినాలు పేరుకుపోయి కడుపులో తిప్పుతుందట, నోట్లో పుండ్లు పడతాయట. దానికి ఆకలే లేదు, మీరు పోసేది దానికి బాధే అన్నారు. వాంతులు ఆగడానికి మందు ఇచ్చి, తింటే తిననివ్వండి, లేకపోతే వదిలేయండి అన్నారు.

ఆ రోజు నుంచి సిరంజి ముట్టుకోలేదు. చేప ఉడికించిన నీళ్లు గోరువెచ్చగా చేసి, వేలికి రాసి ముక్కు దగ్గర పెట్టేదాన్ని. వెచ్చగా ఉంటే వాసన బాగా తెలుస్తుంది. అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషం. రెండుసార్లు నాకితే ఆ పూటకి అదే చాలనుకున్నాం.

చోటు కూడా దాన్నే ఎంచుకోనివ్వండి. మెత్తగా ఉంటుందని నేను నా మంచం మీద పడుకోబెడితే, అది పడుతూ లేస్తూ వంటింట్లో గ్యాస్ బండ పక్కకే వెళ్లేది. చివరికి అక్కడే అమ్మ పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరిచాం. ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి ఒక పక్కనే పెట్టండి, వేడి ఎక్కువైతే అది పక్కకి జరగాలి కదా. ఇసుక ట్రే అంచులు తక్కువగా ఉన్నది దగ్గరలోనే ఉంచండి. తనని తాను నాక్కోవడం మానేస్తుంది, అందుకని తడిగుడ్డతో కళ్లు, గడ్డం, తోక కింద తుడవండి. స్నానం మాత్రం వద్దు.

పిల్లి నొప్పి వస్తే అరుస్తుందనుకోకండి. కాళ్లు కడుపు కిందకి ముడుచుకుని, వీపు గూనిలా పెట్టి, తల వంచి కదలకుండా కూర్చుందంటే నొప్పి ఉన్నట్టే అనుకోవాలి. గుర్రుగుర్రుమంటోంది కదా, బాగానే ఉందనుకోవడానికీ లేదు, బాధలో కూడా పిల్లులు అలా అంటాయి. డాక్టర్‌ని అడిగే నొప్పి మందు ఇవ్వండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ఒక్క మాత్ర వేసినా పిల్లి చచ్చిపోవచ్చు, దయచేసి వేయకండి.

బాధ లేకుండా ప్రాణం పోవడానికి వేసే ఇంజెక్షన్ గురించి మా ఇంట్లో గొడవైంది. తనంతట తానే పోవాలి, మనం తీయకూడదని అమ్మ పట్టుబట్టింది. పదకొండో రోజు పొద్దున దానికి ఫిట్స్ వచ్చాయి. అది చూశాక ఫోన్ చెయ్యమని అమ్మే అంది. డాక్టర్ గారు ఇంటికే వచ్చారు. ముందు మత్తుసూది వేసి, పూర్తిగా నిద్రపోయాకే రెండోది వేశారు. అంతసేపూ దాని తల అమ్మ చేతిలోనే ఉంది.

ఆ ముందురోజు రాత్రి నేను వంటింట్లో కింద కూర్చుని ఉంటే, అది చీర మీద నుంచి లేచి వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. సిరంజి మానేసి ఆరు రోజులైంది అప్పటికి.

మీ డాక్టర్ గారు ఇంటికి వస్తారో లేదో ఇవాళే అడగండి. అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా కనుక్కుని ఉంచుకోండి.