చుక్కలు కనిపించిన రాత్రి తర్వాతే బయల్దేరు

చిరంజీవి అల్లుడికి, మీ మామయ్య ఆశీస్సులు.

ఏప్రిల్‌లో స్నేహితులతో మనాలీ వెళ్తున్నావనీ, సోలాంగ్ లోయ పైనున్న పతల్సు శిఖరం ఎక్కుతారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "చలికాలం అయిపోయింది కదా అన్నయ్యా, ఇక భయం లేదు" అంది. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. సైన్యంలో నేను ఏడు చలికాలాలు మంచులోనే గడిపాను. మార్చి, ఏప్రిల్ నెలల మధ్యాహ్నాలు మాకు పెట్టినంత టెన్షన్ జనవరి చలి కూడా పెట్టలేదు.

పేపర్లో హిమపాతం అని చదివితే మనవాళ్ళు మంచు కురవడం అనుకుంటారు. నేను చెప్పేది అవలాంచ్ గురించి, వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం గురించి. అక్కడి కొండవాళ్ళు దీన్ని 'గ్లేషియర్ వచ్చింది' అనడం విన్నాను. ఆ మాట చెవిన పడితే ఆగి, ఎక్కడ, ఎప్పుడు అని అడుగు.

పగటి ఎండకు పైమంచు కరిగి నీరు లోపలికి దిగుతుంది. రేణువుల మధ్య పట్టు సడలుతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే వేడంతా పైకి పోయి, తెల్లారేసరికి మంచు మీద గట్టి పెచ్చు కడుతుంది. మబ్బు పట్టిన రాత్రి దుప్పటి కప్పినట్టే, వేడి కదలదు, మంచు గడ్డకట్టదు. అందుకే పొద్దున ముందుగా తేల్చుకోవాల్సింది రాత్రి మంచు గడ్డకట్టిందా లేదా అన్నదే. బూటుతో గట్టిగా తొక్కి చూడు. పెచ్చు నీ బరువు మోస్తే వెళ్ళు. చీకట్లోనే చీలమండ దాటి దిగబడుతుంటే ఆ రోజుకి వెనక్కి వచ్చెయ్. వరసగా రెండు మూడు రాత్రులు గడ్డకట్టకపోతే నిటారు వాలుల జోలికే వెళ్ళొద్దు.

ఒక ఏప్రిల్‌లో మా గస్తీ బృందం తిరిగి వస్తూ ఒక నాలా, అంటే కొండవాగు గాడి, దాటాల్సి వచ్చింది. పొద్దున మేం దాటిన చోటే, అప్పుడు రాయిలా ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మోకాళ్ళ దాకా దిగబడుతున్నాం. పై నుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ వస్తున్నాయి. అందరం చూశాం. ఎదురుగా క్యాంపు కనిపిస్తోంది, ఆకలి వేస్తోంది, దాటేశాం. చివర నడుస్తున్న కుర్రాణ్ణి జారిన మంచు లాక్కుపోయింది. పెద్దదేమీ కాదు, మన వీధి వెడల్పంతే. తడిమంచు పొడిమంచంత వేగంగా రాదు, కానీ ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. అతని చెయ్యి పైకి కనబడింది కాబట్టి బతికాడు. ఛాతీ దాకా తవ్వడానికి ముగ్గురం పారలతో చెమటలు కక్కాం. ఆ దొర్లిన ఉండలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. వాటిని చూస్తే నువ్వు ఆగిపో. ఎంత దూరం వచ్చినా సరే.

ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు. కళ్ళంలో ధాన్యం రాశి ఎంత వాలుగా నిలుస్తుందో గుర్తు తెచ్చుకో, ఇంచుమించు అక్కణ్ణుంచే ప్రమాదం. ఎండ ముందు తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, చివరికి పడమరను కాస్తుంది. దాన్నిబట్టే దారి, టైము వేసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికల్లా నడక మొదలవ్వాలి, పదకొండుకల్లా ఏటవాలులన్నీ దాటి కిందికి వచ్చెయ్యాలి. శిఖరం అంచున చూరులా వేలాడే మంచు కింద ఎండ వేళ కూర్చోకూడదు. ఏప్రిల్‌లోనూ అక్కడ కొత్త మంచు పడుతుంది, దాని మీద తొలి ఎండ కాసే రోజు మరీ చెడ్డది.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా కనుమకు వెళ్ళే దారిలో అవలాంచ్ కింద పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్ళేమీ కొండలు ఎక్కడానికి వెళ్ళినవాళ్ళు కాదు. రోడ్డు పక్కన ఉన్నా సరే, పైన మంచు వాలు ఉంటే ఫొటోల కోసం నిలబడొద్దు.

ఒక్కొక్కరి దగ్గర బీకన్ (పూడిపోయిన మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో తెలిపే పరికరం), మంచులో గుచ్చి వెతికే మడత ప్రోబ్ కడ్డీ, పార, మూడూ ఉండాలి. బీకన్ సంచిలో కాదు, ఒంటికి కట్టుకుని ఆన్ చేసి ఉంచండి. ముందురోజే ఒకటి మంచులో పాతి వెతికి చూడండి. పూడిపోయిన మనిషికి మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రాణం. బయటి సాయం అంతలో రాదు, మీ నలుగురే రావాలి. ప్రమాదం ఉన్న చోట ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్ళు పక్కన గట్టు మీద నిలబడి చూస్తుండాలి. ఎవరైనా కొట్టుకుపోతే ఆఖరిసారి కనిపించిన చోటు గుర్తుపెట్టుకుని అక్కణ్ణుంచి కిందికి వెతకాలి. నువ్వే చిక్కుకుంటే పక్కకు తప్పుకోవడానికి చూడు, మంచు ఆగబోతుండగా చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఊపిరికి చోటు చేసుకో.

చండీగఢ్‌లో డీజీఆర్ఈ అని డీఆర్‌డీవో వాళ్ళ రక్షణ పరిశోధన సంస్థ ఉంది, వాళ్ళ అవలాంచ్ హెచ్చరికలు వెళ్ళే ముందు ప్రతిరోజూ చూడు. డబ్బు కట్టాం, సెలవు మళ్ళీ దొరకదు అని మీలో ఎవరైనా అంటారు. మళ్ళీ వెళ్ళే ఖర్చు నేనిస్తాను, నిజంగానే చెప్తున్నాను.

సోలాంగ్ చేరాక, పైకి బయల్దేరే ముందు రాత్రి నాకు ఫోన్ చెయ్యి. బయటికి వచ్చి ఆకాశం చూసి, చుక్కలు కనిపిస్తున్నాయో లేదో చెప్పు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య